గ్లిగోర్ తాగిన నీళ్లు

తెల్లవారగానే మా లుంకవేకె ఊళ్లో ముందుగా కిర్రుమనేది జంఫిరా వాళ్ల గేటు. ఆ చప్పుడుకే కుక్కలు లేచి ఒళ్లు విరుచుకునేవి, ఆడవాళ్లు పొయ్యి ముట్టించి మొక్కజొన్న సంకటికి ఎసరు పెట్టేవారు. జంఫిరా భుజాన కావడి వేసుకుని, అటో బకెట్టు ఇటో బకెట్టు తగిలించి, వీధి చివరి రాతి ఊట దాకా నడిచేది. నీళ్లు నింపుకుని వెనక్కి వచ్చేది. వచ్చి, సొంత గేటు దాటిపోయి, పక్కింటి గేటు తోసేది.

"గ్లిగోరన్నా, లేచావా?"

"నేను లేవకపోతే ఎండిపోయేది నీ మొగుడేగా! లేచాలే."

గ్లిగోర్ అరవై దాటిన ఒంటిమనిషి. పెళ్లాం పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ గడప దగ్గరికి వచ్చి, జంఫిరా ముంచి ఇచ్చిన మట్టి చెంబు అందుకుని, "పాంతె తప్పులు దేవుడు మన్నించుగాక" అని గటగటా తాగేవాడు. సరిగ్గా ఆ క్షణానికి కంచెకి ఇవతల బల్ల మీద కూర్చున్న పాంతె గొంతు కదిలేది. ఒకటి, రెండు, మూడు గుటకలు. మీసాలు తుడుచుకుని, "ఇవాళ చల్లగా ఉన్నాయి" అనేవాడు.

పాంతె జంఫిరా మొగుడు. బతికే ఉన్నాడు. చిక్కంతా అదే.

ఇది అర్థం కావాలంటే మా ఊళ్లో నీళ్లు మొయ్యడం గురించి రెండు ముక్కలు చెప్పాలి. మనిషి పోయాక అక్కడ వాడికి తాగడానికి నీళ్లుండవు. ఇక్కడ వాడి పేరు చెప్పి ఎవరైనా తాగితేనే అక్కడ వాడి గొంతు తడుస్తుంది. అందుకని పోయినవాడి ఇంటి ఆడమనిషి నలభై నాలుగు రోజులు పొద్దున్నే రెండు బకెట్ల నీళ్లు ఒకే ఇంటికి మోస్తుంది. ఆ ఇంటివాళ్లు తాగి, మన్నించమని దేవుణ్ణి అడుగుతారు. రోజుకో గాటు చొప్పున ఒక కర్ర మీద గాట్లు పెడతారు. ఆఖరి రోజు మా మోత్రు నది ఒడ్డుకు వెళ్లి, సొరకాయ డొప్పలో దీపం పెట్టి వదిలి, గాట్ల కర్ర నీళ్లలో వేసి, "మోత్రూ, నువ్వే సాక్షి" అంటారు. లెక్క సరిపోతే నది ఆగుతుంది. ఎక్కడి నీళ్లు అక్కడే, ఓ పాతికదాకా లెక్కపెట్టేంత సేపు. ఒడ్డున పిండిమర చక్రం నిలిచిపోతుంది, మరవాడు కిటికీలోంచి తల బయటపెట్టి "ఎవరిదయ్యా ఇవాళ?" అని కేకేస్తాడు. బాతులు మాత్రం కాస్త కంగారు పడతాయి. తర్వాత నది మళ్లీ కదులుతుంది. ఇక పోయినవాడికి అక్కడ ఎప్పటికీ నీళ్లకి లోటుండదు.

ఈ పద్ధతి ఎప్పటిదో ఎవరికీ తెలీదు. చర్చి కట్టకముందే ఉంది. మా ఊళ్లో నేలమాళిగ తవ్వితే, మోకాళ్లు గడ్డానికి ముడుచుకుని పడుకున్న ఎముకలు బయటపడుతుంటాయి. వాటి పక్కన కూడా ఓ మట్టి చెంబు ఉంటుంది. చెంబు దులిపి, నీళ్లు పోసి, మళ్లీ మట్టి కప్పేసి, మాళిగని నాలుగడుగులు పక్కకి జరుపుకుంటాం. మా ఇంటి మాళిగ వంకరగా ఉండడానికి కారణం అదే. మేస్త్రీ తప్పేం లేదు.

ఇక పాంతె సంగతి.

పాంతె చెడ్డవాడు కాదు. మూతి బిగిస్తే విప్పడు, అంతే. పక్కింటి గ్లిగోర్‌తో పదకొండేళ్లు మాట్లాడలేదు. పాత కంచె కుళ్లిపోతే గ్లిగోర్ కొత్తది పాతాడు, అది జానెడు ఇటు జరిగిందని పాంతె అన్నాడు, కళ్లద్దాలు పెట్టించుకోమని గ్లిగోర్ అన్నాడు. అక్కడితో రెండిళ్ల మధ్య మాట పోయింది. కోడి అటు ఎగిరితే దాన్ని ఇవతలికి విసిరేసేవాళ్లు గానీ "మీ కోడి" అని కూడా అనేవాళ్లు కాదు.

ఒకానొక మే నెలలో జంఫిరాకీ పాంతెకీ పెద్ద గొడవైంది. గొడవ దేనికి మొదలైందో తర్వాత ఇద్దరికీ గుర్తులేదు. జంఫిరా మాత్రం, "నువ్వు ఈ ఇంట్లోంచి పోతే గానీ నాకు ఊపిరాడదు" అంది. మర్నాడు పొద్దున్న తేనెపెట్టెల లారీ ఒకటి పెద్దరోడ్డు మీద ఆగింది. తుమ్మపూలు ఎక్కడ పూస్తే అక్కడికి, అవి రాలాక పొద్దుతిరుగుడు చేల వెంట, పెట్టెలు వేసుకుని ఊరూరా తిరిగే తేనెవాళ్లుంటారు మా దగ్గర. వాళ్లకి మనిషి కావాల్సి వచ్చింది. పాంతె ఎక్కి కూర్చున్నాడు. ఇంట్లో చెప్పలేదు. చెప్తే మూతి విప్పినట్టవుతుంది కదా!

అదే రోజు కొండల్లో వానపడి మోత్రు పొంగింది. పాంతె సరిగ్గా కట్టకుండా వదిలేసిన పడవ కొట్టుకుపోయి, మర దగ్గర బోర్లా పడి దొరికింది. ఇంకాస్త దిగువన చెట్టు వేళ్లలో, పడవలో మర్చిపోయిన అతని టోపీ దొరికింది. పోస్టాఫీసులో తప్ప ఎక్కడా ఫోను లేని రోజులు. మగవాళ్లందరూ కొక్కేల కర్రలు పట్టుకుని నాలుగు రోజులు వెతికారు. మనిషి దొరకలేదు. ఐదో రోజు జంఫిరా నల్లగుడ్డ తలకి చుట్టుకుంది.

"అవ్వా, ఆఖరి మాట ఏమన్నానో తెలుసా?" అని స్తాంక అవ్వ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. స్తాంక అవ్వ మా ఊరి పెద్దదిక్కు. పురుడు ఎలా పొయ్యాలో, శవానికి ఎటు తల పెట్టాలో, నీళ్లు ఏ ఇంటికి మొయ్యాలో ఆవిడే చెప్పాలి.

"ఏడుపు ఆపి కావడి తియ్యి," అంది అవ్వ. "పోయినవాడికి పగ ఎవరితో ఉంది?"

"గ్లిగోర్‌తోనే."

"అయితే ఆ గడపకే మొయ్యి. పగ కూడా ఆ నీళ్లతో కడుక్కుపోతుంది."

మొదటి రోజు జంఫిరా రెండు బకెట్లతో గ్లిగోర్ గేటు తోసినప్పుడు అతను పెరట్లో బీన్స్ పాదులకి కర్రలు కడుతున్నాడు. ఆమెని చూసి, బకెట్లు చూసి, నల్లగుడ్డ చూసి, పాలిపోయాడు. చెంబు అందుకున్నాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు. తెరిచిన నోటితో నీళ్లు తాగేశాడు. "పాంతె తప్పులు దేవుడు మన్నించుగాక" అన్నాడు. ఎంత శత్రువైనా చావంటే చావే గదా, పాపం మనసు కరిగింది అనుకుంది జంఫిరా.

నలభై నాలుగు రోజులు ఒక్క పూట తప్పకుండా మోసింది. మొదట్లో గడప మీద నీళ్లిచ్చి వచ్చేసేది. పదో రోజుకి, "సంకటి తిన్నావా?" అని అడిగింది. ఇరవయ్యో రోజుకి గ్లిగోర్ ఆమె కోసం ముక్కాలిపీట ఒకటి బాగుచేసి గుమ్మం పక్కన పెట్టాడు. ఆఖరి రోజు ఊరంతా మోత్రు ఒడ్డుకి వెళ్లాం. జంఫిరా దీపం వదిలింది, కర్ర వేసింది, సాక్షి చెప్పమంది. నది ఆగింది. ఆగడమంటే అలా ఇలా కాదు, పాతిక కాదు నలభై దాకా లెక్కపెట్టాం. "ఇంత నిండుగా ఎవరికీ ఆగలేదమ్మా, అదృష్టవంతుడు" అన్నారందరూ.

మూడు వారాల తర్వాత, ఎర్రటి ఎండలో, చేతిలో తేనె డబ్బాతో అదృష్టవంతుడు పెద్దరోడ్డు మీద దిగాడు.

ఇక చూడాలి! కుక్కలు మొరిగాయి, ఆడవాళ్లు అరిచారు. జంఫిరా కోళ్లకి వేస్తున్న గింజల పళ్లెం నెత్తిన పెట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. ఎందుకు నెత్తిన పెట్టుకుందో ఆమెకే తెలీదు. మొగుణ్ణి పట్టుకుని ముందు ముద్దు పెట్టుకుంది, తర్వాత డొక్కలో గుద్దింది. సాయంత్రానికి వాళ్ల వాకిట్లో బల్లలు వేశాం. ఆల్బకరా సారా తెచ్చాం. అందరం గ్లాసులెత్తాం. పాంతె కూడా ఎత్తాడు. పెదాల దాకా వెళ్లేసరికి అతని గ్లాసు ఖాళీ.

మళ్లీ పోశారు. మళ్లీ ఖాళీ. నీళ్లు పోశారు. అంతే. పులుసు వడ్డిస్తే చెంచాలో బీన్స్ గింజలు మాత్రం మిగిలాయి. ఒలికిందీ లేదు, ఆవిరైందీ లేదు. అతనికి చెందకుండా పోయింది, అంతే.

స్తాంక అవ్వ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓరి నా తండ్రీ! నీళ్లు వదిలేశాం కదరా నీకు! నీ వాటా నీళ్లన్నీ అక్కడికి పంపేశాం. ఇక్కడ నీకేం మిగిలింది? పరాయి ఊళ్లలో ఉన్నన్నాళ్లూ ఆ లెక్క నిన్ను అంటలేదు, మోత్రు ఒడ్డున కాలు పెట్టగానే అంటుకుంది!"

"మరి వెనక్కి తెప్పించండి," అన్నాడు పాంతె.

"నలభై దాకా ఆగిందిరా!"

పదేళ్లకోసారి గట్టు మార్చుకునే నదే గానీ, ఒప్పుకున్న సాక్ష్యం మార్చుకున్నట్టు మా ఊళ్లో ఎవరూ వినలేదు.

రెండు రోజుల్లో పాంతె నాలుక అట్ట కట్టింది. నదిలోకి మెడదాకా దిగాడు, పొడిగా బయటికొచ్చాడు. గుర్రానికి నీళ్లు పెడితే గుర్రం తాగుతుంది. జంఫిరా చేతికి పోస్తే ఆమె చెయ్యి తడుస్తుంది. తనకోసం అనుకున్న చుక్క మాత్రం నిలవదు. పట్నం ఆసుపత్రికి తీసుకెళితే సెలైన్ తగిలించారు, సీసాలో చుక్క కిందికి దిగలేదు. పాదిరిగారి దగ్గరికి వెళితే ఆయన పుస్తకం తిరగేసి తిరగేసి, "జంఫిరా, ఈ పుస్తకంలో చచ్చినవాడికి నీళ్లు మొయ్యడమే లేదమ్మా. బతికినవాడికి మోస్తే ఏం చెయ్యాలో ఎక్కడుంటుంది?" అని గెడ్డం పీక్కున్నాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు?

మూడో రోజు పొద్దున్న పాంతె మంచం మీద కళ్లు తేలేశాడు. స్తాంక అవ్వ అతని పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించి అంది: "నీళ్లు ఏ గడప మీదుగా వెళ్లాయో ఆ గడప మీదుగానే రావాలి. జంఫిరా, కావడి తియ్యి."

జంఫిరా ఊట దగ్గరికి పరుగు. గ్లిగోర్ గేటు దగ్గరికి పరుగు. "అన్నా, ఏమీ అడక్కు, తాగు!" గ్లిగోర్ ఏమీ అడగలేదు. పాంతె పేరు చెప్పి ఎత్తిన చెంబు దించకుండా తాగాడు. ఇక్కడ మంచం మీద పాంతె గొంతు కదిలింది. కళ్లు తెరిచి మొదట అన్న మాట, "ఎవరు తాగారు?"

"గ్లిగోర్."

"ఛీ!" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అలా మొదలైంది. తొమ్మిదేళ్లు సాగింది.

జంఫిరాకి జ్వరమొచ్చినా, మంచు మోకాలిదాకా పడినా కావడి తప్పలేదు. ఎడమ భుజం కుడిభుజం కన్నా రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. చెల్లెలి కూతురి పెళ్లికి కూడా పోలేకపోయింది. "నోరు జారి పొమ్మన్నాను, రోజుకి రెండు బకెట్లు మోస్తున్నాను" అని తనమీద తనే జోకు వేసుకునేది. పాంతెకైతే మరీ కష్టం. తను ఎప్పుడు తాగాలో తన చేతిలో లేదు. ఎండలో గడ్డి కోస్తూ దాహమేస్తే, కొడవలి పక్కన పెట్టి, గ్లిగోర్‌కి ఎప్పుడు దాహమేస్తుందా అని కూర్చోవాలి.

గ్లిగోర్ కూడా తక్కువవాడేం కాదు. ఒకసారి చర్చి పైకప్పుకి రేకులు వేస్తుంటే పాంతె నిచ్చెన పైన ఉన్నాడు. మూడు వీధుల అవతల సంతలో గ్లిగోర్ సారా గ్లాసు పట్టుకుని నవ్వుతూ, "పాంతె తప్పులు దేవుడు మన్నించుగాక" అని ఒకటి, మళ్లీ అని రెండు, మళ్లీ అని మూడు వేశాడు. తను కాస్త కూడా తూలలేదు. పైకప్పు మీద పాంతె పాటెత్తుకున్నాడు, పెళ్లిపాట. పాదిరిగారు కింద నుంచి రెండు చేతులూ చాచి నిలబడ్డారు, పడితే పట్టుకుందామని. నలుగురం కలిసి దించాం. మర్నాడు పాంతె కంచె దగ్గరికి వచ్చి, ఇన్నేళ్లలో మొదటిసారి గ్లిగోర్‌తో నేరుగా మాట్లాడాడు.

"ఏరా, నన్ను చంపుదామనుకున్నావా?"

"నువ్వు చచ్చి చాలా కాలమైందిగా," అన్నాడు గ్లిగోర్. "ఏం, బాలేదా సారా?"

పాంతె "ఘాటు తక్కువ" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎండాకాలం మధ్యాహ్నాల్లో కంచె దగ్గర దగ్గు వినిపించేది. పాంతె అడగడు. దగ్గుతాడు. గ్లిగోర్ గొణుక్కుంటూ లేచి చెంబు ముంచుకునేవాడు. అంతకన్నా స్నేహం కుదిరిందని మాత్రం అనను. కంచె జానెడు అక్కడే ఉంది.

తొమ్మిదో ఏడు వేసవిలో వానల్లేవు. మోత్రు రాళ్ల మధ్య సన్నగా పాకుతోంది. ఒక పొద్దున్న జంఫిరా గేటు తోసి పిలిస్తే జవాబు రాలేదు. గ్లిగోర్ వంటింటి నేల మీద పడి ఉన్నాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మూతిలో కుడి సగం చచ్చుబడ్డాయి. బతికే ఉన్నాడు, కళ్లు కదులుతున్నాయి. జంఫిరా తల పైకెత్తి చెంబు నోటికానిస్తే నీళ్లు చెంప మీదుగా కారిపోయాయి.

డాక్టరు వచ్చి చూసి, వయసు అడిగి, తల ఊపి, వెళ్లిపోయాడు. ఊరంతా ఆ ఇంట్లోనే. ఒకళ్లు చెంచా తెచ్చారు, ఒకళ్లు ఈక తెచ్చారు, ఒకళ్లు పసిపిల్లల పాలసీసా. ఏదీ పనిచెయ్యలేదు. మేమంతా గోడలకి ఆనుకుని నిలబడి, ఒక మనిషి నోటికేసి చూస్తూ ఉండిపోయాం. అక్కడ ఒక గొంతు కాదు, రెండు గొంతులు ఎండుతున్నాయి.

అప్పుడు పాంతె లోపలికి వచ్చాడు. ఆ గడప తొక్కి ఇరవై ఏళ్లయింది. జేబురుమాలు తీసి, నీళ్లలో ముంచి, మంచం మీద కూర్చుని, గ్లిగోర్ పెదాల మధ్య ఒక్కో చుక్క పిండడం మొదలుపెట్టాడు. గ్లిగోర్ ఒక చుక్క మింగాడు. పెదాలు కదిపాడు. మాట బయటికి రాలేదు గానీ పాంతె గొంతులో ఒక చుక్క దిగింది.

పదిరోజులు అలాగే. చుక్క అక్కడ, చుక్క ఇక్కడ. మిగతా మేమంతా ఎవరి పనులకి వాళ్లం వెళ్లిపోయాం, ఇంకేం చేస్తాం? నాలుగో రోజుకి గ్లిగోర్‌కి కాస్త మాట వచ్చింది, నోట్లో రాయి పెట్టుకుని మాట్లాడినట్టు.

"చూశాను," అన్నాడు.

"ఏం చూశావ్?"

"లారీ ఎక్కుతుంటే. తేనె లారీ. నువ్వు... టోపీ లేదు నెత్తిన. రోడ్డు మీద నేనూ ఉన్నా."

జంఫిరా గుమ్మం దగ్గర బకెట్టు దింపుతోంది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"మీతో మాటల్లేవుగా," అన్నాడు గ్లిగోర్. "పదకొండేళ్లు. వచ్చి ఎలా చెప్తా? రేపో మాపో వాడే వస్తాడులే అనుకున్నా. తర్వాత... జంఫిరా నీళ్లు తెచ్చింది. మొదటి రోజే చెప్దామనుకున్నా. నోరు తెరిచా. 'గ్లిగోరన్నా' అంది. ఈ ఇంట్లో నా పేరు పిలిచి మాట్లాడిన మనిషి..." కొంచెం ఊపిరి తీసుకున్నాడు. "చెప్తే మర్నాడు రాదుగా. ఒక్కరోజు ఆగి చెప్దాం అనుకున్నా. అలా నలభై నాలుగు."

పాంతె చేతిలో రుమాలు నుంచి నీళ్లు దుప్పటి మీద కారుతున్నాయి. జంఫిరా లోపలికి వచ్చి, ముక్కాలిపీట లాక్కుని, తన కోసం గ్లిగోర్ బాగుచేసిన పీటే అది, కూర్చుంది. ఎడమ భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

పాంతె రుమాలు మళ్లీ ముంచాడు.

"ముందు ఇది మింగు," అన్నాడు. "నువ్వు బాగయ్యాక తిడతా."

బాగవ్వలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం, రుమాలు పెదాల మీద ఉండగానే, గ్లిగోర్ పోయాడు.

పూడ్చేదాకా మూడు రోజులు పాంతెకి చుక్క లేదు. శవపేటిక ఒక మూల తను మోశాడు, దారిలో రెండుసార్లు మోకాళ్ల మీద పడ్డాడు. ఇక ఇంకో మూడు రోజుల మాటేనని ఊరందరికీ తెలుసు. తన గడపకి మార్చి మొయ్యమని మరవాడు అడిగాడు, పాపం మంచివాడు. తాగి చూశాడు కూడా, మరవాడి దాహమే తీరింది. నది విన్నది గ్లిగోర్ పేరు.

పూడ్చి వచ్చాక పాంతె స్తాంక అవ్వని అడిగాడు. "వాడికి నీళ్లెవరు మోస్తారు?"

"వాడికెవరున్నారు?" అంది అవ్వ.

"పగ ఎవరితో ఉంది వాడికి?"

అవ్వ అతన్ని చూసింది. "మీ ఇంటితోనే."

మర్నాడు తెల్లవారి ఊళ్లో ముందుగా కిర్రుమన్నది జంఫిరా వాళ్ల గేటే. కావడి మాత్రం పాంతె భుజాన ఉంది. మగవాడు కావడి ఎత్తడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. అయినా ఎవరూ నవ్వలేదు. రెండడుగులు వేసి ఆగుతూ, కంచెలు పట్టుకుంటూ, ఊట నుంచి తన గడపకే తను నీళ్లు మోశాడు. పరాయి మనిషికి మోసే నీళ్లు కాబట్టి బకెట్లలో నిలిచాయి. జంఫిరా చెంబు అందుకుంది. చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. ఆ చెంబులో ఏముందో ఆమెకి తెలుసు: తొమ్మిదేళ్ల భుజం నొప్పి ఉంది, నల్లగుడ్డ ఉంది, చెల్లెలి కూతురి పెళ్లి ఉంది.

"గ్లిగోర్ తప్పులు..." అంది. ఆగింది. "దేవుడు మన్నించుగాక" అని తాగేసింది.

పాంతె బల్ల మీద కూలబడి కర్ర మీద ఒక గాటు పెట్టాడు. "ఎన్ని పెట్టగలిగితే అన్ని" అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. పొద్దు చర్చి గోపురం దాటింది. జంఫిరా పక్కన కూర్చుని ఈగలు తోలుతోంది.

అప్పుడు అతని గొంతు కదిలింది.

ఒకటి. చాలాసేపటికి రెండు. మూడు.

జంఫిరా అరిచిన అరుపుకి స్తాంక అవ్వ చేతికర్ర వదిలేసి వచ్చింది. విని, నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. "తొమ్మిదేళ్లు చెంబు ఎత్తితే నీ పేరే చెప్పాడు కదరా! అక్కడికెళ్లినంత మాత్రాన నోటి అలవాటు పోతుందా?"

జంఫిరా తాగిన నీళ్లు గ్లిగోర్‌కి, గ్లిగోర్ తాగిన నీళ్లు పాంతెకి. దూరం ఎక్కువ కాబట్టి కాస్త ఆలస్యం. అంతే.

అయితే గండం గడిచినట్టు కాదు. నలభై నాలుగో రోజు సాక్ష్యం చెప్పాల్సింది మోస్తున్నవాడే. మోస్తున్నవాడు నది లెక్కలో పోయినవాడు. చచ్చినవాడు తెచ్చిన కర్ర మోత్రు తీసుకుంటుందా? తీసుకోకపోతే గ్లిగోర్‌కి ఆ రోజుతో నీళ్లు ఆఖరు, పాంతెకీ ఆఖరు. ఈ ప్రశ్న స్తాంక అవ్వని అడిగితే, "నన్ను అడక్కండ్రా, నాకు నిద్ర పట్టట్లేదు" అంది. పాదిరిగారిని ఎవరూ అడగలేదు. ఆయన మాత్రం ఆ రోజు ఒడ్డుకి వచ్చి, చేపలు చూడ్డానికి వచ్చినట్టు ఓ పక్కన నిలబడ్డాడు.

మేమందరం నిలబడ్డాం. నది మధ్యలో సన్నటి పాయ ఒక్కటే పారుతోంది. పాంతె దానిలోకి దిగాడు. ఎప్పట్లాగే కాళ్లు తడవలేదు. సొరడొప్పలో దీపం వదిలాడు. నలభై నాలుగు గాట్ల కర్ర చేతిలో పట్టుకున్నాడు.

"మోత్రూ," అన్నాడు, "పోయినసారి నీకు తప్పు సాక్ష్యం వచ్చింది. ఎవరూ కావాలని చెప్పలేదు. ఈసారి నిజం. గ్లిగోర్ పోయాడు. నేనే పూడ్చాను, నేనే మోశాను. నా సంగతి వదిలెయ్. వాడికి ఇప్పించు."

కర్ర వేశాడు.

కర్ర కదిలింది. దీపం కదిలింది. రాళ్ల పక్కగా సాగిపోతూనే ఉన్నాయి. మర దగ్గరికి, ఆ మలుపు దాకా. జంఫిరా నా పక్కనే ఉంది. ఆమె చేతులు ఏం చెయ్యాలో తెలీక ముందుగుడ్డని మెలిపెడుతున్నాయి. ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. నదిని బతిమాలగలం, పట్టుకుని ఆపలేం కదా.

మలుపు దగ్గర దీపం నిలబడిపోయింది.

మర చక్రం చప్పుడు ఆగింది. బాతులు కంగారు పడ్డాయి. ఎవరూ లెక్కపెట్టలేదు. నేను మాత్రం పన్నెండు దాకా లెక్కపెట్టి తప్పిపోయాను. మరవాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు గానీ ఏమీ అడగలేదు.

ఆ సాయంత్రం జంఫిరా కావడి తీసి పశువుల కొట్టంలో మేకుకి తగిలించింది. మర్నాడు ఆమె గేటు కిర్రుమనలేదు. దాంతో మా ఊరంతా ఆలస్యంగా లేచింది, కుక్కలతో సహా.

పాంతె మాత్రం మామూలు వేళకే బల్ల మీద కూర్చున్నాడు. పొద్దెక్కింది. ఏమీ లేదు. ఎండ బల్ల మీదికి వచ్చింది. ఏమీ లేదు. జంఫిరా గుమ్మంలోంచి చూసి, చూడనట్టు లోపలికి వెళ్లింది. ఆమె మొయ్యడానికి ఇక నీళ్లు లేవు, చెయ్యడానికి పని లేదు. మధ్యాహ్నానికి పాంతె పెదాలు పగిలాయి. లేచి కంచె దగ్గరికి వెళ్లి, ఎవరూ లేని ఆ ఇంటివైపు తిరిగి దగ్గాడు.

మళ్లీ దగ్గాడు.

కాసేపటికి గొంతు కదిలింది. ఒకటి, రెండు, మూడు. పాంతె మొహం చిట్లించి, నాలుకతో మీసాలు తడుముకున్నాడు.

"పట్టపగలు సారా ఏంట్రా?" అన్నాడు కంచె అవతలికి. జంఫిరా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. అతను కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనకనుంచి ఆమెకి తెలియలేదు. కళ్లు మాత్రం పొడిగానే ఉండుంటాయి, నీళ్లు ఎక్కడివి?

ఆ తర్వాత పాంతె పదమూడేళ్లు బతికాడు. ఏ రోజు ఎప్పుడు నీళ్లొస్తాయో తెలీదు, కొన్నిసార్లు పొద్దుగూకేదాకా రావు. అడగడానికి ఎవరూ లేరు. కంచె దగ్గర నిలబడి దగ్గడం ఒక్కటే చెయ్యగలిగింది. జంఫిరా చెల్లెలి ఇంటికి వెళ్లి నెల రోజులు ఉండి వచ్చింది. కంచె ఎవరిదీ కాని ఆ ఇంటివైపు ఒరిగిపోతే పాంతె కొత్త గుంజలు పాతాడు. జానెడు ఇటే, గ్లిగోర్ పెట్టినచోటే.